సైలేజీకి నీలం డ్రమ్మా, టన్ను బ్యాగా, చిన్న సంచా? రెండు మూడు పశువులున్న ఇంటికి ఏది కొనాలి

పాడి పశువులు ఒకటో రెండో ఉన్న ఇంటివాళ్లు సైలేజీ (తరిగిన పచ్చిమేతను గాలి చొరబడకుండా మూసి పులియబెట్టి నిల్వచేసేది) వేసుకోవాలనుకుంటే, మూత పూర్తిగా తెరుచుకునే, ఇనుప రింగు ఉన్న 200 లీటర్ల ప్లాస్టిక్ డ్రమ్ములు కొనుక్కోవాలి. మూడు నుంచి ఐదు పశువులుంటే 500 కిలోల సైలేజ్ బ్యాగు సరిపోతుంది. అంతకు మించితేనే టన్ను బ్యాగు, గుంత గురించి ఆలోచించాలి. విశాఖ చుట్టూ ఆనందపురం, పద్మనాభం, భీమిలి, పెందుర్తి వైపు చిన్న పాడి రైతులకు అందుబాటులో ఉన్న పద్ధతులన్నీ పక్కపక్కన పెట్టి చూస్తే తేలేది ఇదే. ఎందుకో వివరంగా చూద్దాం.

కొనేటప్పుడు అందరూ "ఇందులో ఎంత గడ్డి పడుతుంది?" అని అడుగుతారు. అంతకంటే ముందు అడగాల్సిన ప్రశ్న "తెరిచాక ఎన్నాళ్లకు ఖాళీ అవుతుంది?" అని. గాలి చొరబడకుండా మూసి ఉన్నంతకాలం సైలేజీకి ఢోకా లేదు. గడ్డిలోని చక్కెరను సూక్ష్మజీవులు లాక్టిక్ ఆమ్లంగా మారుస్తాయి, పులుపును చూపే పీహెచ్ (తగ్గేకొద్దీ పులుపు ఎక్కువ) 4 దగ్గరకు దిగుతుంది, ఆ పులుపులో కుళ్లబెట్టే జీవులు బతకలేవు. నెలల తరబడి అలాగే నిలవుంటుంది. మూత తీసిన క్షణం నుంచి లెక్క తిరగబడుతుంది. గాలి తగలగానే ఈస్టు లేచి ఆ ఆమ్లాన్ని తినేస్తుంది, సైలేజీ వేడెక్కుతుంది, వెనకాలే బూజు వస్తుంది. విశాఖ లాంటి సముద్రతీరపు ఉక్కలో, ఏప్రిల్, మే నెలల ఎండలో ఇది చాలా తొందరగా జరుగుతుంది. అందుకే ఇక్కడ తెరిచిన ముఖం మీద నుంచి రోజుకు కనీసం 10 సెంటీమీటర్ల మందం తీసి మేపేయాలి. వేసవిలో 15 అయితే ఇంకా మంచిది.

ఈ ఒక్క అంకెతో మొత్తం తేలిపోతుంది. 200 లీటర్ల డ్రమ్ము అడ్డుకొలత దాదాపు 58 సెంటీమీటర్లు. కాళ్లతో గట్టిగా తొక్కిన గడ్డి క్యూబిక్ మీటరుకు 500 నుంచి 550 కిలోలు తూగుతుంది కాబట్టి, డ్రమ్ములో 10 సెంటీమీటర్ల పొర అంటే 13 నుంచి 15 కిలోలు. సరిగ్గా ఒక పాడి ఆవు రోజు మేత. అదే 90 సెంటీమీటర్ల అడ్డుకొలత ఉన్న 500 కిలోల బ్యాగులో ఆ పొర దాదాపు 35 కిలోలు. టన్ను బ్యాగు 1.2 మీటర్ల వెడల్పు ఉంటే 60 కిలోల పైమాటే. అంటే టన్ను బ్యాగుకు రోజూ నాలుగు పశువులు తినాలి. రెండు ఆవులున్న ఇంట్లో టన్ను బ్యాగు తెరిస్తే రోజుకు ఐదు సెంటీమీటర్లు కూడా తగ్గదు, వారం తిరిగేసరికి చెయ్యి పెడితే వెచ్చగా తగులుతుంది. బ్యాగు నాసిరకం అని అమ్మినవాళ్ల మీద ఫిర్యాదు చేసేవాళ్లలో చాలామంది విషయంలో అసలు తప్పు బ్యాగుది కాదు, తినే నోళ్లకు మించిన సైజు తీసుకోవడమే.

డ్రమ్ము: ఏది తీసుకోవాలి, ఏది వద్దు

నీలం డ్రమ్ములు రెండు రకాలు. పైన రెండు చిన్న బిరడాలు మాత్రమే ఉండి పైభాగం తెరుచుకోనిది ఒకటి. నూనెలు, ద్రావకాలు వచ్చేది అందులో. పైభాగాన్ని రంపంతో కోసి "మూత చేసి ఇస్తాం" అంటే తీసుకోవద్దు, కోసిన అంచు గాలిని ఎప్పటికీ ఆపదు. రెండోది మూత మొత్తం ఊడివచ్చి, చుట్టూ ఇనుప రింగుతో, లివరు నొక్కితే బిగుసుకునేది. కావాల్సింది ఇదే. మూత లోపలి అంచున రబ్బరు వాషరు చెక్కుచెదరకుండా ఉండాలి. ఎండిపోయి పగుళ్లిచ్చినా, ఒకచోట నొక్కుకుపోయినా మార్పించుకునే తీసుకోండి. రింగు తుప్పు పట్టినా పర్వాలేదు గానీ వంకర పోకూడదు.

సెకండ్ హ్యాండ్ డ్రమ్ము కొనడంలో తప్పు లేదు, కొత్తది కొంటే ఈ పనికి గిట్టుబాటు కావడం కష్టం. కానీ ఫార్మా, రసాయన పరిశ్రమలు చుట్టూ ఉన్న ఊరు మనది. డ్రమ్ములో ఇంతకుముందు ఏముండేదో చెప్పలేని చోట, లేబుల్ గీకేసి ఉన్న చోట కొనవద్దు. ప్లాస్టిక్ కొంత రసాయనాన్ని పీల్చుకుంటుంది, ఎన్నిసార్లు కడిగినా పూర్తిగా పోదు. అది సైలేజీలోకి, అక్కడి నుంచి పాలలోకి దారి చూసుకుంటుంది. పండ్ల గుజ్జు, ఊరగాయలు, గ్లూకోజ్ వంటి తిండి సరుకు వచ్చిన డ్రమ్ములే అడిగి తీసుకోండి. కొనేముందు మూత బిగించి పది నిమిషాలు ఎండలో ఉంచి తెరిచి వాసన చూడండి. ఘాటు వాసన వస్తే బేరం అక్కడితో ఆపేయాలి.

డ్రమ్ముకు ఉన్న గొప్ప గుణం ఎలుకలకు, పందికొక్కులకు లొంగకపోవడం. పశువుల శాలలో వరిగడ్డి, దాణా ఉన్నచోట ఎలుకలు లేకుండా ఉండవు. బ్యాగుకు అవి పెట్టే చిన్న చిల్లు చాలు, చుట్టూ ఉన్న కిలోల కొద్దీ మేత బూజు పడుతుంది. డ్రమ్ము నీడలో ఉంచుకుంటే ఏళ్ల తరబడి వస్తుంది, బ్యాగు లోపలి కవరు మాత్రం దాదాపు ఏటా మార్చాల్సిందే. ధర పోల్చేటప్పుడు డ్రమ్మును కనీసం ఎనిమిది సార్లు, బ్యాగును రెండు సార్లు నింపొచ్చని లెక్కేసి, మొత్తం పట్టే కిలోలతో ధరను భాగించి చూడండి. మొదట ఖరీదుగా కనిపించేది అంత ఖరీదు కాదని తేలొచ్చు.

లోపాలూ ఉన్నాయి. మొదటిది చోటు. రెండు ఆవులకు రోజుకు 15 కిలోల చొప్పున 60 రోజులకు 1,800 కిలోలు కావాలి. పైపొర తరుగు కలిపితే రెండు టన్నులు. డ్రమ్ముకు 110 నుంచి 115 కిలోలు పడతాయి కాబట్టి 17 లేదా 18 డ్రమ్ములు నిలబెట్టడానికి ఆరు ఏడు చదరపు మీటర్ల నీడ ఉండాలి. నిండు డ్రమ్ము మీద డ్రమ్ము పెట్టకూడదు, కిందిదాని మూత వంగి గాలి దూరుతుంది. రెండోది, అడుగున నీరు పోయే దారి ఉండదు. తేమ ఎక్కువైన గడ్డి నింపితే రసమంతా అడుగున చేరి కంపు కొడుతుంది. కొందరు అడుగున కుళాయి బిగిస్తారు. అది వద్దు. కుళాయి కీలు దగ్గర గాలి దూరితే అడుగు మొత్తం పోతుంది. దానికి బదులు ముందుగా రెండు మూడు అంగుళాల మందం తరిగిన ఎండు వరిగడ్డి పరిస్తే చాలు, కారిన రసాన్ని అది పీల్చుకుంటుంది. పశువులు దాన్నీ ఇష్టంగా తింటాయి.

పెద్ద బ్యాగు, చిన్న సంచి, గుంత

సైలేజ్ బ్యాగు అంటే బయట హెచ్‌డీపీఈ అనే గట్టి ప్లాస్టిక్‌తో నేసిన గోనె, లోపల పాలిథిన్ గొట్టం. గాలిని ఆపేది లోపలి గొట్టమే, బయటిది బలానికి మాత్రమే. అందుకని కొనేటప్పుడు బయటి బట్టను కాదు, లోపలి కవరు మందాన్ని అడగండి. 150 మైక్రాన్లకు తక్కువైతే మొక్కజొన్న దంటు ముక్కల అంచులే దాన్ని చీల్చేస్తాయి. లోపలి గొట్టం విడిగా దొరుకుతుందా అన్నదీ అడగాలి. దొరకని బ్యాగు ఒక్క విడతకే పరిమితం. ఇంట్లో ఉన్న నీలి టార్పాలిన్‌ను చుట్టేసి పని కానిద్దామనుకునేవాళ్లున్నారు. నేసిన టార్పాలిన్ వాననే ఆపుతుంది, గాలిని ఆపదు.

నింపేటప్పుడు బ్యాగుతో వచ్చే ఇబ్బంది, అది తనంతట తాను నిలబడదు. నాలుగు వెదురు గుంజలు పాతి, నోటిని వాటికి కట్టి, లోపల ఒక మనిషి వట్టి కాళ్లతో తొక్కాలి. అడుగు మూలలు ఖాళీ ఉండిపోవడం అన్నిచోట్లా కనిపించే తప్పు. మొదటి రెండు పొరలు మూలల్లోకి చేత్తో నెట్టి, మడమతో తొక్కాకే మిగతాది వేయాలి. నిండాక లోపలి కవరు మెడను గట్టిగా మెలితిప్పి, ఆ మెలికను కిందికి మడిచి, పాత సైకిల్ ట్యూబు పట్టీతో రెండు చోట్ల కట్టాలి. పురికొసతో ఒక్క ముడి వేస్తే ఆ ముడి మధ్యలోంచే గాలి పోతుంది.

మామూలు 50 కిలోల సంచిలో లోపల పాలిథిన్ కవరు వేసి 30, 40 కిలోల చొప్పున నింపే పద్ధతి ఒక్క ఆవున్న ఇంటికి నిజంగా బాగుంటుంది. రెండు మూడు రోజుల్లో సంచి ఖాళీ అవుతుంది, వేడెక్కే వ్యవధి ఉండదు. ఆడవాళ్లు, పెద్దవాళ్లు కూడా ఈడ్చుకెళ్లగలరు. బలహీనత ఏమిటంటే గడ్డి బరువుతో పోలిస్తే గాలికి ఎదురయ్యే ఉపరితలం ఎక్కువ, తొక్కడం తక్కువ. ఎలుక తాకితే సంచి మొత్తం పోయినట్టే. రేకు తలుపున్న గది గానీ, ఖాళీ సిమెంటు తొట్టి గానీ ఉంటేనే ఈ దారి పట్టండి. యూరియా సంచులు వాడితే బాగా కడిగి ఆరబెట్టి, లోపలి కవరు కొత్తది వేయాలి.

గుంత విషయంలో ఎక్కువ చెప్పనక్కర్లేదు. మీటరు వెడల్పు, మీటరు లోతున్న సన్నని కాలువ లాంటి గుంతకే రోజుకు 50 నుంచి 55 కిలోలు తీయాలి. రెండు మీటర్ల వెడల్పు, ఒకటిన్నర లోతు తవ్వితే పది పశువులు కావాలి. ఆనందపురం, పద్మనాభం మెరక నేలల్లో గుంత పనికొస్తుంది. పల్లపు భూముల్లో, చెరువు దిగువన, భీమిలి తీరపు ఇసుకలో అక్టోబరు వానలకు అడుగున నీరు ఊరుతుంది, అప్పుడు ప్లాస్టిక్ ఎంత మంచిదైనా కాపాడలేదు. ఇంకో హెచ్చరిక. నింపిన మొదటి రెండు మూడు వారాలు గుంతలోకి, పెద్ద బ్యాగులోకి తల వంచి చూడకూడదు. ఎరువు ఎక్కువ వేసిన చేను, బెట్టకు గురై తర్వాత వానపడిన చేను కోసి నింపినప్పుడు పసుపు, గోధుమ రంగు కలిసిన విషవాయువు పుడుతుంది. బ్లీచింగ్ పౌడరు లాంటి ఘాటు వాసన వస్తే పిల్లల్ని, పశువుల్ని దూరంగా తీసుకుపోవాలి.

ఏ గడ్డి, ఎప్పుడు

మొక్కజొన్నను మించినది లేదు. గింజ పాలు పట్టే దశ దాటి, సగం గట్టిపడి సగం మెత్తగా ఉన్నప్పుడు కోయాలి. పొత్తును మధ్యకు విరిచి గింజను గోటితో నొక్కితే పైభాగం గట్టిగా, కిందిభాగం పాలతో ఉండాలి. అప్పుడు పొడి పదార్థం (తేమ పోగా మిగిలేది) 30 నుంచి 35 శాతం ఉంటుంది, చక్కెర తగినంత ఉంటుంది, కలపాల్సినవేవీ ఉండవు. ఎకరాకు పచ్చిమేత 15 టన్నులు అనుకుంటే సెంటుకు 150 కిలోలు. పైన లెక్కేసిన రెండు టన్నులకు 13, 14 సెంట్లు సరిపోతాయి. నవంబరు, డిసెంబరులో విత్తి ఫిబ్రవరి చివర, మార్చిలో కోసి నింపితే, పచ్చిమేత కరువొచ్చే మే, జూన్ నాటికి సైలేజీ తయారుగా ఉంటుంది. ఈ కాలమే ఎందుకంటే నింపే రోజున వాన భయం ఉండదు. తుపానుల నెలల్లో నింపడం పెట్టుకుంటే కోసిన గడ్డి తడిసి పని పాడవుతుంది.

పొత్తులు పచ్చిగా కాల్చుకోవడానికి అమ్మేసిన చేలలో మిగిలే దంటు కూడా మంచి సరుకే. పొత్తు తీసిన రెండు మూడు రోజుల్లోపు, ఆకు పచ్చగా ఉండగానే కోయాలి. గింజ ఉండదు కాబట్టి శక్తి తక్కువ, ఆ లోటుకు రోజూ అర కిలో తవుడో, మొక్కజొన్న నూకో ఎక్కువ పెట్టాలి. అనకాపల్లి వైపు చెరకు నరికే రోజుల్లో దొరికే మొవ్వు ఆకుతోనూ సైలేజీ బాగా పులుస్తుంది, మాంసకృత్తులు మాత్రం బాగా తక్కువ.

జొన్న వేస్తే పూత వచ్చాకే కోయండి. లేత జొన్నలో, బెట్టకు వాడిన జొన్నలో నాము అనే సైనైడ్ విషం ఉంటుంది. మాగితే ఆ విషం తగ్గుతుంది గానీ పూర్తిగా పోతుందన్న ధైర్యంతో లేత చొప్ప నింపకూడదు.

ఎక్కువమంది చేతిలో ఉన్నది సూపర్ నేపియర్, సీఓ-4 రకాలు. ఎక్కువగా పాడయ్యేదీ వాటి సైలేజీయే. కారణం తేమ 80 శాతం దాటి ఉండటం, చక్కెర తక్కువ కావడం. 50 నుంచి 60 రోజుల వయసులో కోసి, ఎండలో ఆరేడు గంటలు వాడబెట్టాలి. సముద్రపు గాలికి తేమ తొందరగా తగ్గదు. అప్పుడు తరిగిన నేపియర్ 85 కిలోలకు తరిగిన ఎండు వరిగడ్డి 15 కిలోలు కలిపితే పొడి పదార్థం 28 శాతం దాకా చేరుతుంది. దీనికి నూటికి రెండు కిలోల బెల్లం, రెండు లీటర్లకు మించని నీటిలో కరిగించి పొరపొరకూ చిలకరించాలి. తినడానికి పనికిరాని ముక్క బెల్లం చాలు, మంచి రకం అక్కర్లేదు.

తేమ చూడటానికి యంత్రం అక్కర్లేదు. తరిగిన గడ్డిని పిడికిట్లో అర నిమిషం గట్టిగా పిండి వదలండి. వేళ్ల సందుల్లోంచి రసం కారితే ఇంకా వాడబెట్టాలి. ముద్ద మెల్లగా విచ్చుకుంటూ, అరచెయ్యి కాస్త చెమ్మగా ఉంటే నింపేయొచ్చు. వదలగానే పొడిపొడిగా రాలిపోతే మరీ ఎండింది. అలాంటిది ఎంత తొక్కినా గాలి పోదు, కొద్దిగా నీళ్లు చల్లి కలపాల్సిందే.

చాఫ్ కట్టర్ గురించి

డ్రమ్ము మీద పెట్టే శ్రద్ధలో సగమైనా గడ్డి తరిగే ఈ కట్టర్ మీద పెట్టాలి. ముక్క ఒకటి నుంచి రెండు సెంటీమీటర్లు ఉంటేనే డ్రమ్ములో సర్దుకుంటుంది. మూడు నాలుగు సెంటీమీటర్ల ముక్కలు స్ప్రింగులా పైకి లేస్తాయి, వాటి మధ్య గాలి నిలుస్తుంది. ఇంటి సింగిల్ ఫేజ్ కరెంటుకు రెండు హెచ్‌పీ మోటారు యంత్రం చాలు, 16 ఆంపియర్ల ప్లగ్గు, ఎర్తింగ్ తప్పనిసరి. గంటకు ఇన్ని కిలోలు కోస్తుందని అమ్మేచోట చెప్పే అంకెలో సగమే నమ్మి పని ప్లాను చేసుకోండి. అది మెత్తటి పచ్చగడ్డికి చెప్పే లెక్క, దంటున్న మొక్కజొన్నకు అంత రాదు.

ముక్కలు తెగకుండా పీచులుగా వస్తుంటే రెండే కారణాలు. బ్లేడు మొద్దుబారడం, లేదా తిరిగే బ్లేడుకూ కింది పట్టీకీ మధ్య సందు పెరగడం. సందు ఒక మిల్లీమీటరు లోపు ఉండాలి. నింపే రోజుకు ముందే బ్లేడ్లు సాన పట్టించుకోండి. గడ్డి లాక్కునే రోలర్లకు మూత, వెనక్కి తిప్పే గేరు లేని యంత్రం ఎంత చవకైనా వద్దు. ఇరుక్కున్న గడ్డిని చేత్తో నెట్టబోయి చేతులు పోగొట్టుకున్నవాళ్లు మన పల్లెల్లోనే ఉన్నారు. ప్లగ్గు పీకాకే లోపల చెయ్యి పెట్టాలి.

నింపే రోజు

కోత, తరగడం, తొక్కడం, మూత బిగించడం – మొదలుపెట్టిన డ్రమ్ము ఆ రోజే పూర్తవ్వాలి. సగం నింపి రేపు చూద్దామని వదిలితే, ఆ రాత్రే గడ్డి వేడెక్కి చక్కెర ఖర్చయిపోతుంది. కోసిన గడ్డిని మట్టి నేల మీద కాకుండా పట్టా మీద వేయండి. మట్టితో పాటు వచ్చే సూక్ష్మజీవులే తర్వాత మురుగు వాసనకు మూలం.

అడుగున వరిగడ్డి పరిచాక, 15 సెంటీమీటర్ల మందం వేసి తొక్కాలి, మళ్లీ 15 వేసి తొక్కాలి. మధ్యలో అందరూ బాగానే తొక్కుతారు, అంచుల వెంట వదిలేస్తారు. డ్రమ్ములో బూజు మొదలయ్యేది అంచునే. సన్నని మొద్దుతోనో, ఆరేడు కిలోల దిమ్మిసతోనో అంచు చుట్టూ కుమ్మాలి. పొర సరిగా దిగిందో లేదో తెలియాలంటే బొటనవేలు గుచ్చి చూడండి, మొదటి కణుపు దాటి దిగకూడదు. అంచు దాటి అర అడుగు ఎత్తుగా పోసి, మనిషి ఎక్కి తొక్కి అంచుకు కాస్త కిందికి దించి, పైన పాలిథిన్ కాగితం పరిచి, ఆ పైన ఇసుక నింపిన చిన్న సంచి పెట్టి మూత బిగించాలి. మూతకూ గడ్డికీ మధ్య ఖాళీ ఎంత తక్కువైతే అంత మంచిది. మూడు రోజుల్లో గ్యాసు పుట్టి మూత ఉబ్బొచ్చు. అప్పుడు రింగు ఒక్క క్షణం వదులుచేసి, గ్యాసు పోగానే మళ్లీ బిగించండి, మూత మాత్రం ఎత్తొద్దు. తర్వాత 45 రోజులు దాన్ని తాకకండి. నింపిన తేదీ, గడ్డి పేరు డ్రమ్ము మీద రాసి పెట్టుకుంటే పాతది ముందు వాడుకోవచ్చు. డ్రమ్ము నీడలో, ఇటుకల మీద ఉండాలి. ఎండ పడితే మూతకింద చెమట పట్టి, ఆ చుక్కలు రాలినచోట బూజు కడుతుంది.

పులియబెట్టే సూక్ష్మజీవులుండే కల్చర్ పొడులు కొనాలా అని చాలామంది అడుగుతారు. మొక్కజొన్నకు అక్కర్లేదు, సరైన దశలో కోసి గట్టిగా తొక్కితే వాటి తేడా కనిపించదు. నేపియర్‌కు కొంత సాయపడతాయి, అదీ బెల్లం కలిపినప్పుడే. ఆ సూక్ష్మజీవులకు తినడానికి చక్కెర ఉండాలి కదా. కలిపే నీరు బావిదో, బోరుదో కావాలి, క్లోరిన్ కలిసిన కుళాయి నీరు వాటిని చంపేస్తుంది. ఉప్పు అర శాతం కలిపితే రుచి వస్తుంది, అప్పుడు 15 కిలోల సైలేజీతోనే 75 గ్రాముల ఉప్పు అందుతుంది కాబట్టి దాణాలో మళ్లీ వేయక్కర్లేదు. యూరియా మాత్రం కొత్తగా చేసేవాళ్లు కలపొద్దు. ఒకచోట గడ్డ కట్టినా పశువు ప్రాణానికే ముప్పు.

తెరిచాక

బాగా మాగినది పచ్చదనం తగ్గిన పసుపు రంగులో, ముక్క ముక్కగా విడిపోతూ, ముక్కుకు కమ్మని పులుపు తగిలేలా ఉంటుంది. పీహెచ్ కాగితం ముంచితే 3.8 నుంచి 4.2 చూపాలి. ముదురు గోధుమ రంగు, మాడిన బెల్లం వాసన ఉంటే నింపేటప్పుడు గాలి మిగిలి వేడెక్కిందని అర్థం. పశువు ఇష్టంగానే తింటుంది గానీ మాంసకృత్తులు అరగకుండా పోతాయి. జిగటగా, చేతికి అంటుకుని సబ్బుతో కడిగినా పోని కంపు కొడితే తేమ ఎక్కువైంది, దాన్ని పాడి పశువుకు పెట్టొద్దు. తెల్ల, పచ్చ, నల్ల బూజు కనిపించిన చోట చుట్టూ జానెడు మేర తీసి పెంటకుప్పలో వేయాలి. బూజు విషం పాలలోకి వస్తుంది. సరిగా పులవని సైలేజీలో పెరిగే లిస్టీరియా అనే బ్యాక్టీరియా వల్ల సూడి పశువులు ఈసుకుపోయే (గర్భం పోయే) ప్రమాదం ఉంది. ఆవులు తినవని మేకలకు వేయడం ఇంకా తప్పు, వాటికి ఈ జబ్బు మరీ తేలిగ్గా వస్తుంది.

రోజూ పైనుంచి సమంగా పొర తీయాలి, మధ్యలో గొయ్యిలా తవ్వకూడదు. తీశాక పాలిథిన్ కాగితాన్ని గడ్డికి ఆనించి, ఇసుక సంచి పెట్టి, మూత వేయాలి. తీసినది ఆ పూటే మేపేయాలి. గాడిలో మిగిలినది ఎండాకాలంలో కొన్ని గంటల్లోనే వేడెక్కుతుంది, కొత్త మేత వేసేముందు ఊడ్చేయండి.

మొదటి మూడు రోజులు పూటకు ఒకటిన్నర, రెండు కిలోలతో మొదలుపెట్టి, పది రోజుల్లో పూర్తి మోతాదుకు తేవాలి. కడుపులోని జీవులు పులుపుకు అలవాటు పడటానికి ఆ మాత్రం వ్యవధి కావాలి. సంకర జాతి పాడి ఆవుకు 15 నుంచి 20 కిలోలు, ముర్రా గేదెకు 20, నాటు ఆవుకు 8 నుంచి 10. ఆరు నెలలు నిండని దూడలకు వద్దు. రోజూ మూడు నాలుగు కిలోల వరిగడ్డి తప్పకుండా పక్కన ఉండాలి, పీచు లేకపోతే నెమరు తగ్గి వెన్న శాతం పడిపోతుంది. పాలు పితికిన తర్వాతే సైలేజీ వేయండి. ముందు వేస్తే ఆ వాసన పాలకు పడుతుంది.

సైలేజీ వేస్తున్నామని దాణా మానేసేవాళ్లు పాలు తగ్గాయని వాపోతారు. మొక్కజొన్న సైలేజీ 15 కిలోల్లో ఉండే మాంసకృత్తులు దాదాపు 350 గ్రాములు. పది లీటర్లిచ్చే ఆవుకు కిలో పైనే కావాలి. అంటే మూడో వంతు దగ్గరే ఆగిపోతుంది. మిగతాది వేరుశనగ చెక్కతోనో, నువ్వుల చెక్కతోనో, అలసంద, అవిశ, హెడ్జ్ లూసర్న్ లాంటి పప్పుజాతి మేతతోనో భర్తీ చేయాలి. మొక్కజొన్నలో కాల్షియం తక్కువ కాబట్టి ఖనిజ లవణ మిశ్రమం రోజుకు 50 గ్రాములు తప్పనిసరి. సైలేజీ మొదలుపెట్టాక పశువు మేత మానినా, పేడ నీళ్లలా పడినా, ఒకే వైపు గుండ్రంగా తిరుగుతున్నా మేత ఆపి పశువైద్యుణ్ని పిలవాలి. సంచార పశువైద్య వాహనానికి 1962కు ఫోన్ చేయొచ్చు.

ఇంట్లో చేసుకునే వీలు లేక బేళ్లుగా చుట్టిన రెడీమేడ్ సైలేజీ కొనేవాళ్లు కిలో ధర చూసి మోసపోవద్దు. 100 గ్రాములు తూచి పళ్లెంలో పరిచి, బరువు తగ్గడం ఆగేదాకా ఎర్రటి ఎండలో ఎండబెడితే మిగిలిన గ్రాములే సుమారుగా పొడి పదార్థం శాతం. 25 గ్రాములు మిగిలే బేలు కంటే 35 మిగిలే బేలులో మేత 40 శాతం ఎక్కువ. ధర ఆ లెక్కన పోల్చండి. చుట్టిన ప్లాస్టిక్‌కు చిల్లులున్న బేలు ఎంత తగ్గించి ఇచ్చినా తీసుకోవద్దు.

డ్రమ్ములు ఖాళీ అయ్యాక సబ్బు నీళ్లతో కడిగి బోర్లించి ఆరబెట్టండి. రబ్బరు వాషరు ఊడదీసి నీడలో వేలాడదీయాలి, మూతలోనే వదిలేస్తే నొక్కుకుపోయి ఆకారం మారుతుంది. మళ్లీ నింపే ముందు ప్రతి డ్రమ్ములో బిందెడు నీళ్లు పోసి, మూత బిగించి పక్కకు పడుకోబెట్టి దొర్లించండి. రింగు దగ్గర ఒక్క చుక్క కారినా వాషరు మార్చాలి. అప్పటికీ కారితే ఆ డ్రమ్మును దాణా నిల్వకు వాడుకుని, సైలేజీకి ఇంకొకటి చూసుకోండి.